స్పర్ధయు వైరమును: హైదరాబాదు, కలకత్తాల బంతియాట



పొలిమేర కలిసిన రెండు గ్రామముల మధ్య పోటీ యుండుట లోకసహజము. మన యూరి యెడ్లు బండ లాగినచో పొరుగూరివారు తమ యెడ్లను తోలుకొని వత్తురు. చెడుగుడు పందెమున మనవారు నెగ్గిరన్న వార్త వానవచ్చినంత సంబరముతో ఊరంతయు వ్యాపించును. ఈ పందెములే యొక్కొక్కప్పుడు కర్రల దాకను, కచేరీ దాకను పోవుట మీరెరుగనిది కాదు. అట్టి తగవులు తీర్చవలసిన పెద్దలు మీరే కావున, అసలు పందెములే లేకున్న పీడ విరగడ యగును గదా యని మీకు తోచుటయు సహజమే. ఆ తలంపు ఎంతవరకు సరియైనదో, రెండు పట్టణముల నడుమ చిరకాలము సాగిన బంతియాట పోటీని దృష్టాంతముగా గైకొని విచారింతము. ఒక వైపున మన హైదరాబాదు సికిందరాబాదుల జంట. రెండవ వైపున కలకత్తా.

మొదట మాటల యర్థము తేల్చుకొందము. ఎదుటివానికంటె నేను మిన్న కావలెనని పాటుపడుట స్పర్ధ. ఎదుటివాడు మిన్న కాకూడదని కుందుట మాత్సర్యము. ఎదుటివాడే యుండరాదని కోరుట వైరము. స్పర్ధ గలవానికి ప్రత్యర్థి కావలెను. ఆ ప్రత్యర్థి బలవంతుడు కావలెను. దుర్బలుని గెలిచినవానికి కీర్తి యేమున్నది? కనుక నిజమైన స్పర్ధాళువు లోలోపల తన ప్రత్యర్థి క్షేమమునే కోరుచుండును. స్పర్ధ వలన విద్య వర్ధిల్లునని పెద్దలు చెప్పుటలోని యాంతర్యమిదియే.

అన్యదేశముల నుండి రెండు నిదర్శనములు చెప్పెదను. అమెరికాలో ఒహాయో, మిచిగన్ అను రాష్ట్రములు ఇరుగుపొరుగువి. 1835లో టొలీడో యను పట్టణప్రాంతము ఎవరిదను సరిహద్దు తగవు ముదిరి, ఇరుపక్షములును సాయుధులను పొలిమేరకు పంపినవి. 1836లో టొలీడో ఒహాయోకును, ఉత్తరముననున్న విశాలమైన అటవీభాగము మిచిగన్‌కును దక్కునట్లు ఆ తగవు తీరినది. 1897 మొదలుకొని ఆ రెండు రాష్ట్రముల విశ్వవిద్యాలయముల విద్యార్థులు బంతియాటలో తలపడుచున్నారు. అది బంతిని చేతబట్టి పరుగిడు వేరొక విధమైన యాట. దానిని చూచుటకు లక్షమంది కూడుదురు. కాని తుపాకి పట్టి వచ్చువాడు లేడు. అదే దేశమున అలబామా రాష్ట్రములో ఆబర్న్, అలబామా యను రెండు విద్యాసంస్థలు 1893లో ఆట మొదలిడినవి. 1907 తరువాత ఆటగాండ్ర ఖర్చుల మీదను, తీర్పరి యెవరను దాని మీదను పేచీ పడి 41 సంవత్సరములు మొగము చూచుకొనలేదు. 1948లో గాని మరల కలియలేదు. ఇంత చిన్న కారణమునకు రెండు తరముల బాలురు తమ ఆటను కోల్పోయిరి. ఈ రెండవ నిదర్శనమును జ్ఞాపకముంచుకొనుడు.

ఇక మన కథకు వత్తము. ఫుట్‌బాల్ ఆటలో పక్షమునకు పదునొకండుగురు. గోలు కాచువాడు తప్ప ఆట నడుచుచుండగా ఎవ్వరును బంతిని చేతితో తాకరాదు. కాలితోను తలతోను నడిపి ఎదిరిపక్షపు కొయ్యల నడుమ నుండి దాటించిన గోలగును. చూచువారికి ఇది బలము గలవాని యాటవలె తోచును. నిజమునకు ఇది బంతిని తోడివానికి సకాలమున అందించువాని యాట.

ఈ యాటను మన దేశమునకు దెచ్చినవారు ఆంగ్ల సైనికులు. 1806లో ఏర్పడిన సికిందరాబాదు, దండు ప్రదేశమగుటచే, ఈ యాటను చూచియే పెరిగినది. కలకత్తాలో మోహన్ బగాన్ సంఘము 1889లోను, ఈస్ట్ బెంగాల్ సంఘము 1920లోను వెలసినవి. 1911లో మోహన్ బగాన్‌వారు, ఒక్కరు తప్ప తక్కినవారందరు వట్టి పాదములతో ఆడి, ఈస్ట్ యార్క్‌షైర్ దళమును ఓడించి ఐ.ఎఫ్.ఏ. షీల్డును గైకొనిరి. నాటి నుండి బంతియాట యన్న కలకత్తా, కలకత్తా యన్న బంతియాట యని పేరుపడినది.

ఆ పేరును ప్రశ్నించిన జట్టు హైదరాబాదు నగర పోలీసులది. దానికి ప్రాణము పోసినవాడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన 1909లో హైదరాబాదున జన్మించెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, అచట బంతియాడి, బడిపంతులుగా జీవించెను. 1943 నాటికి హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి యయ్యెను. తరువాత పోలీసు జట్టునకు శిక్షకుడయ్యెను.

ఆయన బోధనరీతి చెప్పదగినది. కుడికాలి వాటముగల బాలునితో ఎడమకాలనే ఆడించువాడు. బంతిని ఒక్కడే కాళ్ళ దగ్గర త్రిప్పుకొనుచు పోరాదు, వెంటనే తోడివానికి అందింపవలెనను నియమముతో పిల్లలకు పోటీలు పెట్టువాడు. అక్షరాభ్యాసమున ఓనమాలు దిద్దించినట్లు, చిన్నచిన్న యభ్యాసములను అలవాటగువరకు చేయించిన పంతులతడు. ఒకని నేర్పును పదునొకండుగురి నేర్పుగా మార్చుట ఆయన విద్యలోని సారము.

దాని ఫలము దేశము చూచినది. బొంబాయిలో జరుగుచుండిన రోవర్స్ కప్పును హైదరాబాదు పోలీసులు 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు మారులు గెలిచిరి. 1950లోనే ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు తుదిపోరున మోహన్ బగాన్‌ను ఎదుర్కొనిరి. మోహన్ బగాన్ రెండు గోలుల ముందంజలో నుండగా మనవారు రెండును తీర్చి సమము చేసిరి. మరల ఆడిన యాటలో ఒక్క గోలుతో నెగ్గిరి.

కలకత్తావారు ఊరకుండిరా? 1952లోను, 1956లోను డ్యూరాండ్ తుదిపోరున ఈస్ట్ బెంగాల్ చేతిలో మన పోలీసులు ఓడిరి. 1957లో మనవారు ఆ ఈస్ట్ బెంగాల్‌నే ఓడించి కప్పు తిరిగి తెచ్చిరి. 1961లో, అప్పటికి ఆంధ్రప్రదేశ్ పోలీసు జట్టను పేరు దాల్చి, మోహన్ బగాన్‌ను గెలిచిరి. 1963లో మోహన్ బగాన్ బదులు తీర్చుకొన్నది.

రాష్ట్రజట్లు పోటీపడు సంతోష్ ట్రోఫీలోను ఇదే తీరు. 1949-50లో తుదిపోరున వంగజట్టు హైదరాబాదును ఐదు గోలులతో ఓడించినది. మనకు ఒక్కటియు రాలేదు. మరుసటి యేడు ఆ యంతరము ఒక్క గోలునకు తగ్గినది. 1956-57, 1957-58 సంవత్సరములలో బొంబాయిని ఓడించి హైదరాబాదు ట్రోఫీని గైకొన్నది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ జట్టు తుదిపోరున వంగజట్టునే గెలిచినది. ఐదు గోలుల ఓటమి నుండి ఆ గెలుపు వరకు నడచిన మార్గమంతయు కలకత్తా యెదుట నిలువవలెనను పట్టుదల వేసిన మార్గమే.

ఈ స్పర్ధ వలన దేశమునకు కలిగిన మేలు ఇంతకంటె గొప్పది. రహీం భారతజట్టునకు శిక్షకుడై వంగ హైదరాబాదు ఆటగాండ్రను ఒక్క పంక్తిని నిలిపెను. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడలలో ఇరాన్‌ను గెలిచి స్వర్ణపతకము నందిరి. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో ఆస్ట్రేలియాను 4–2 గోలులతో ఓడించి నాలుగవ స్థానము పొందిరి. ఆ జట్టు నాయకుడు సమర్ బెనర్జీ మోహన్ బగాన్‌వాడు; సికిందరాబాదు దాపున అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఆ జట్టులోనివాడు. దేశీయపోటీలలో ఎదురెదురు నిలిచిన పక్షములవారు అచట నొకరికొకరు బంతి యందించుకొనిరి.

1962లో జకార్తాలో జరిగినది మరింత విశేషము. మొదటి యాటలో దక్షిణ కొరియా మనవారిని రెండు గోలులతో ఓడించినది. నడుమ జర్నయిల్ సింగుకు తల పగిలి కుట్లు పడెను. వెనుకవరుసలో ఆడు అతనిని రహీం ముందువరుసకు మార్చెను. తుదిపోరున మరల కొరియాయే ఎదురైనది. రాజకీయ కారణములచే భారతదేశముపై కినిసియున్న జనసమూహము లక్షవరకు చేరి మనవారిని ఎగతాళి చేయుచుండెను. అంతమందిలో మనవారికి జేజేలు పలికినవారు పాకిస్తాను హాకీ ఆటగాండ్రు! హాకీలో మనకు బద్ధప్రత్యర్థులైనవారే మన వెన్ను తట్టిరి. పి.కె. బెనర్జీ యొకటి, ఆ తలకు కుట్లు పడిన జర్నయిల్ సింగు ఒకటి గోలు చేయగా 2–1తో స్వర్ణము మనదైనది. స్పర్ధకును వైరమునకును గల భేదమునకు ఇంతకంటె సాక్ష్యమేమి కావలెను?

కాని ఈ కథకు రెండవ భాగము కలదు. అప్పటికే వ్యాధిగ్రస్తుడై యున్న రహీం 1963 జూన్ 11న కన్నుమూసెను. ఇచట నేర్చిన బాలురు అంతకు పూర్వమే కలకత్తాకు తరలుచుండిరి. బలరాం 1957లో ఈస్ట్ బెంగాల్‌లో చేరెను. 1966లో నయీముద్దీను, మొహమ్మద్ హబీబు అదే దారి పట్టిరి. 1977లో పెలే యను జగత్ప్రసిద్ధుడు కలకత్తా వచ్చి ఆడినప్పుడు, మోహన్ బగాన్ పక్షమున గోలు చేసినవారిలో మన హబీబు ఒకడు. బలరాం జీవితశేషము వంగదేశముననే గడిపి 2023 ఫిబ్రవరిలో అచటనే మరణించెను. హబీబు అదే యేడు ఆగస్టు 15న హైదరాబాదున మరణించెను.

వారు వెళ్ళుట తప్పు కాదు. విద్య గలవాడు ఆదరణ గలచోటికి పోవును. కలకత్తాలో సంఘములు బలమైనవి, ప్రేక్షకులు వేనవేలు, బాలుని వెంటనే మరియొక బాలుడు సిద్ధముగ నుండును. ఇచట గురువు పోయిన వెనుక గురువు లేడయ్యె. జట్టు యావత్తు ఒక్క మనుష్యుని మీద నిలిచియుండెనని అప్పుడు తెలిసినది. 1965-66 గెలుపు తరువాత సంతోష్ ట్రోఫీ తెలుగు గడ్డకు రాలేదు. 2024 డిసెంబరు 31న తుదిపోరు మన హైదరాబాదుననే జరిగినది. గెలిచినవారు వంగీయులు, వారికది 33వ గెలుపు. మనవారు ఆనాడు ఆతిథ్యమిచ్చినవారు మాత్రమే. ప్రత్యర్థి నేటికిని నిలిచియున్నాడు; ఎదుట నిలువవలసినవారము మనమే తొలగిపోతిమి.

కావున గ్రామపెద్దలకు నా విన్నపము మూడు మాటలు. పందెములను మాన్పకుడు, మాన్పిన ద్వేషము చావదు, నేర్పు మాత్రము చచ్చును. పందెమునకు ముందే తీర్పరిని, నియమములను, ఖర్చులను ఇరు గ్రామములును కూర్చుండి వ్రాసికొనుడు. ఆబర్న్, అలబామాలవారు ఆ పని చేయకయే 41 యేండ్లు పోగొట్టుకొనిరి. మూడవది అన్నిటికంటె ముఖ్యము: గెలిచిన బాలునికి పూలమాల వేయుటతో తృప్తిపడక, వానికి నేర్పిన పంతులు తరువాత ఎవరు నేర్పుదురో విచారింపుడు. బడి వెనుక నున్న ఖాళీస్థలమును ఆక్రమింపనీయక పిల్లలకు దక్కనిండు. ఇంట గెలిచి రచ్చ గెలువుమందురు. ఇంట గెలుచుటకు ముందు ఇంట నొక మైదానమును, నేర్పువాడొకడును ఉండవలెను గదా!