గడప దాటని తనిఖీ

అమెరికాలో తనఖా వాయిదాలు తప్పిన ఇంటికి అమీనాకన్న ముందుగా కెమెరా చేతబట్టిన తనిఖీదారు వస్తాడు. ఇతడు బ్యాంకు ఉద్యోగి కాడు. బ్యాంకు ఆ పనిని ఒక సంస్థకు ఒప్పగిస్తుంది. ఆ సంస్థ మరొకరికి, వారు ఇతనికి. చేతులు మారినకొద్దీ కూలి కరిగిపోతుంది. ఇంటికింతని కొద్ది డాలర్లే ప్రతిఫలం. కారు, పెట్రోలు, బీమా అన్నీ తన ఖర్చే. గిట్టుబాటు కావాలంటే ఒక్క రోజున పెక్కు వీధులు చుట్టి రావాలి.

పని చూడబోతే స్వల్పం. ఇంట్లో మనుషులున్నారా, లేరా అన్నదే ప్రశ్న. లోపలికి పోయే హక్కు లేదు. గడ్డి పెరిగిందా, ఉత్తరాల పెట్టె నిండిందా, కరెంటు మీటరు నడుస్తున్నదా అని బయటినుండే చూచి, ఫోటోలు తీసి నివేదిక పంపాలి.

ఆ నివేదికలోని ఒక్క మాటపై ఒక సంసారం ఆధారపడి ఉంటుంది. “ఖాళీ” అని వ్రాస్తే తాళాలు మార్చేవారు వస్తారు. 2008 ఆర్థిక సంక్షోభంలో లక్షలాది ఇళ్లు జప్తుకు వచ్చినపుడు ఈ తనిఖీలు వెల్లువెత్తాయి. కాపురమున్న ఇళ్లను ఖాళీవిగా ఎంచి తాళాలు మార్చారనీ, సామాను తరలించారనీ ఆరోపిస్తూ 2013లో ఇల్లినాయ్ రాష్ట్ర అటార్నీ జనరల్ ఇటువంటి ఒక సంస్థపై దావా వేశారు. 2015లో ఆ సంస్థ 10 లక్షల డాలర్లు చెల్లించడానికి ఒప్పుకొని రాజీపడింది.

తలుపు తట్టి మరికొంతసేపు నిలిచినందుకు తనిఖీదారుకు అదనపు కూలి లేదు. నిజం తెలిసేది మాత్రం ఆ కొంతసేపటిలోనే. తొందరకు ధర కట్టి, నిదానానికి కట్టని ఏర్పాటులో తప్పు జరిగినపుడు, కొసన నిలిచిన కూలివానినే వేలెత్తి చూపడం న్యాయం కాదు.