పరిగె గింజ... పిట్ట వాటా!

చలికాలమంటే పల్లెకు పంట చేతికొచ్చే కాలం. వచ్చినదాన్ని పదిమందికీ పంచే కాలం కూడా. ఆ పదిమందిలో పిట్టలుండేవి, చీమలుండేవి, చెరువుండేది. చిట్యాల చుట్టుపక్కల పొలాల్లో ఆ పంపకం ఇప్పుడెలా ఉందో చూద్దాం.

కార్తీకం దాటితే చాలు, భూపాలపల్లి జిల్లా చిట్యాల వైపు పల్లెల్లో పొద్దు ఆలస్యంగా లేస్తుంది. పత్తి చేలమీద మంచు తెరలా పరుచుకుంటుంది. మిరప తోటల్లో కాయ ఎరుపెక్కుతుంది. ఇంకోపక్క వరి కోతలు! పేరులోనే చలిని పెట్టుకున్న చలివాగు ఈ ప్రాంతానిదే. వానాకాలంలో ఎంత గొడవ చేసినా ఈ రోజుల్లో బుద్ధిమంతురాలిలా పారుతుంటుంది.

వరి కోత అనగానే పెద్దవాళ్లకు గుర్తొచ్చేది కళ్లం. కోసి, మెదలు కట్టి, కుప్పవేసి, బంతి కట్టి తొక్కించి, తూర్పారబట్టి... పది పదిహేను రోజుల పండగ అది. ధాన్యం ఇంటికి చేరేలోపే బోలెడు చేతులు దాన్ని పంచుకునేవి. నాగలి చెక్కిన వడ్రంగికి, కర్రు సాగదీసిన కమ్మరికి, కుండలిచ్చిన కుమ్మరికి, చాకలికి, మంగలికి... ఎవరి వాటా వాళ్లకు కళ్లంలోనే కొలిచేవారు. అది దానం కాదు, ఏడాది పొడవునా చేసిన పనికి కూలి. అందులో పెద్ద చిన్న తేడాలు, మాట పడటాలు కూడా ఉండేవి. పాతదంతా బంగారమని పొగడాల్సిన పనేం లేదు.

కానీ వీటన్నిటికీ అవతల ఇంకొకటి ఉండేది. దాని పేరు పరిగె. కోతలప్పుడు రాలిపోయిన కంకుల్ని రైతు ఏరుకునేవాడు కాదు. అవి భూమిలేని వాళ్లవి. పిల్లలు, ముసలమ్మలు ఒడి కట్టుకుని పొలానికొచ్చి పరిగె ఏరుకునేవాళ్లు. అడగక్కర్లేదు, దండం పెట్టక్కర్లేదు. ఇచ్చినవాడికి ఇచ్చానన్న గర్వం లేదు, తీసుకున్నవాళ్లకు చిన్నతనం లేదు. ఇంత మర్యాదైన దానం ఇంకోటి ఉంటుందా అనిపిస్తుంది! ఇది మన ఒక్కరి ఆచారమే కాదు. ఫ్రెంచి చిత్రకారుడు మిల్లే 1857లో గీసిన ప్రసిద్ధ చిత్రంలో నడుం వంచి ఉన్న ముగ్గురాడవాళ్లు చేస్తున్న పని ఇదే. కోసేసిన గోధుమ చేలో వాళ్లు పరిగె ఏరుకుంటున్నారు.

మనుషులు ఏరగా మిగిలింది పిట్టలకి. అదీ చాలదని రైతులు మంచి కంకుల్ని ఏరి, జడలా అల్లి, కుచ్చులు కట్టి ఇంటి చూరుకీ గుడి మండపానికీ వేలాడదీసేవారు. పిచ్చుకలు వాటిమీద ఊగుతూ గింజ వలుచుకునేవి. ధనుర్మాసంలో వాకిట్లో వేసే ముగ్గు కూడా బియ్యప్పిండితోనే. పొద్దెక్కేసరికి సగం ముగ్గు చీమలు మోసుకుపోయేవి. రాతిపిండి ముగ్గు వచ్చాక గీతలు తెల్లగా, సాఫీగా వస్తున్నాయి, రెండ్రోజులైనా చెరగట్లేదు. చెరిపేవాళ్లకు అందులో తినడానికేమీ లేదు మరి!

నిప్పు ఎందుకు పెడుతున్నారు?

ఇప్పుడు హార్వెస్టర్ గంటలో ఎకరం కోసి పడేస్తుంది. కూలీలు దొరకని కాలంలో రైతుకు అది దేవుడిచ్చిన మిషనే. కాకపోతే కళ్లం పోయింది. మిషను కోసిన వడ్లలో పచ్చిదనం ఎక్కువ. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం మించకూడదు. అందుకే రోడ్ల మీద వడ్లు ఆరబోసి, రాత్రుళ్లు చలిలో కావలి పడుకునే రైతులు నవంబరు, డిసెంబరుల్లో దారిపొడవునా కనిపిస్తారు.

అసలు సమస్య పొలంలో మిగిలేది. హార్వెస్టర్ పైపైన కోసి ఎత్తు కొయ్యకాళ్లు వదిలేస్తుంది. గడ్డి చెల్లాచెదురుగా పడుతుంది. వెనకటిలా పశువులుంటే ఆ గడ్డి బంగారం. కొట్టంలో ఎడ్ల బదులు ట్రాక్టరుంది, దానికి గడ్డి పెట్టలేం. యాసంగి నాట్లకు గడువేమో కొన్ని వారాలే. గడ్డిని కట్టలు కట్టే యంత్రానికి కిరాయి కావాలి, అదీ సమయానికి దొరకాలి. అగ్గిపుల్ల ఖర్చు ఎంత? సాయంత్రం గీసి వదిలితే తెల్లారేసరికి మడి నల్లగా, శుభ్రంగా ఉంటుంది. రైతును తిట్టిపోసే ముందు ఈ లెక్క కూడా తెలుసుకోవాలి.

అయితే మరో లెక్కా ఉంది. టన్ను వరిగడ్డిలో సుమారు 5.5 కిలోల నత్రజని, 2.3 కిలోల భాస్వరం, 25 కిలోల పొటాష్, కిలోకు పైగా గంధకం, 400 కిలోల దాకా సేంద్రియ కర్బనం ఉంటాయని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. ఎకరాకు రెండు టన్నుల గడ్డి అనుకున్నా, అందులోని నత్రజని సగం బస్తా యూరియాకు సమానం. నిప్పు పెడితే కర్బనం, నత్రజని దాదాపు అంతా పొగైపోతాయి. పొటాష్ కొంత బూడిదలో మిగులుతుంది, అదీ గాలికో నీళ్లకో కొట్టుకుపోకపోతే. పైపొరలో ఉండే వానపాములు, సూక్ష్మజీవులు వేడికి మాడిపోతాయి. గట్టుమీది తుమ్మచెట్టు, తాటిచెట్టు కాలిపోతే అదనపు నష్టం. చలికాలంలో పొగ పైకి లేవదు. మంచుతో కలిసి ఊరిమీదే కూర్చుంటుంది. ఆయాసం ఉన్న ముసలివాళ్లకు ఆ రాత్రి నిద్ర ఉండదు.

చలికి వచ్చే చుట్టాలు

మనం దుప్పటి కప్పుకునే కాలంలోనే కొందరు చుట్టాలు వేల కిలోమీటర్లు ఎగిరి తెలుగు నేలకొస్తారు. సైబీరియా వైపు నుంచి సూదితోక బాతులు, మధ్య ఆసియా నుంచి గులాబీ మైనాలు, టిబెట్, మంగోలియా సరస్సుల నుంచి తలమీద నల్లచారలున్న బాతులు. ఈ చారల బాతులు హిమాలయాలు దాటేటప్పుడు 7 వేల మీటర్లకు పైగా ఎగిరినట్టు పరిశోధకులు కొలిచి చెప్పారు. అంత ఎత్తున గాలే పలచన! ఇంత కష్టపడి వచ్చే అతిథులు అడిగేది నీళ్లున్న చెరువు, మందులు చల్లని మడి. అంతే.

చెరువుల మాటకొస్తే ఈ ప్రాంతం అదృష్టవంతురాలు. రామప్ప, లక్నవరం, పాకాల, గణపసముద్రం... అన్నీ కాకతీయుల కాలం నాటివే. రామప్ప గుడి 1213 నాటిది. కాకతీయ సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. దానికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. గుడి పక్కన చెరువు తవ్వించడం ఆనాటి పెద్దల ఆలోచన. సప్త సంతానాల్లో కన్నబిడ్డతో పాటు చెరువునూ, తోటనూ లెక్కేశారు వాళ్లు. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా ఆ నీళ్లతో మడి తడుస్తోందంటే దాతృత్వానికి అంతకన్నా కొలత ఏముంటుంది? 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనుల్లో చెరువుల పూడిక మట్టిని రైతులు పొలాలకు తోలుకున్నారు. చెరువుకు లోతు, చేనుకు సత్తువ... రెండూ దక్కాయి.

ఆ చెరువులు ఓర్చుకోలేని రోజూ ఒకటొచ్చింది. 2023 జులై 27 ఉదయానికి ఇరవైనాలుగు గంటల్లో చిట్యాలలో 616.5 మిల్లీమీటర్ల వాన నమోదైంది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8. ఏడాదంతా కురిసేదాంట్లో సగానికి పైగా ఒక్క రోజులోనే! మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది, ప్రాణాలు పోయాయి. చిట్యాల మండలం నైన్‌పాక దగ్గర జేసీబీమీద చిక్కుకుపోయిన ఆరుగురిని వాయుసేన హెలికాప్టర్ కాపాడింది. ఒకే రాతికి నాలుగు వైపులా దేవుళ్లను చెక్కిన పాత గుడి ఉన్న ఊరు అది. ఆ పేరు దేశమంతా విన్నది మాత్రం వరద వార్తల్లోనే. మరుసటి ఏడాది ఆగస్టు 31న తాడ్వాయి - మేడారం అడవిలో సుడిగాలి లాంటిదేదో విరుచుకుపడి యాభై వేలకు పైగా చెట్లను కూల్చేసింది. ఇన్ని దెబ్బలు తిన్న నేల ఇది. ఇక్కడ పొలంలో నిప్పు పెట్టడాన్ని చిన్న విషయమని సరిపెట్టుకోలేం.

కాల్చకుండా యాసంగి నాటు వేయడం కుదరదా అంటే కుదురుతుంది. కోత అవగానే తేమ ఆరకముందే నీళ్లు పెట్టి, కొయ్యకాళ్ల మీద సూపర్ ఫాస్ఫేట్ చల్లి, కేజ్‌వీల్ ట్రాక్టరుతో కలియదున్నితే గడ్డి త్వరగా కుళ్లి ఎరువవుతుంది. కొంతమంది రైతులు రోటవేటర్‌తో ముక్కలు చేయించి దున్నుతున్నారు. పశువులున్నవాళ్లకు పిలిచి గడ్డి ఇచ్చేస్తే మడి ఖాళీ అవుతుంది, పక్కవాడి బర్రె పాలిస్తుంది. ఒక్కరోజు దుక్కి ఖర్చు అదనం, నిజమే. ఆ ఖర్చులో కొంతైనా ప్రభుత్వం భరిస్తే అగ్గిపెట్టె జేబులోనే ఉండిపోతుంది.

పిచ్చుకల సంగతి ఇంకా తేలిక. హార్వెస్టర్ పొలంలో దిగకముందే మూల మడిలో నాలుగు గుప్పిళ్ల వరి కొడవలితో కోసి పక్కన పెట్టుకోవాలి. కాడలు పొడవుగా ఉండాలి, ఆకు తీసేయాలి, కొంచెం తడిపితే అల్లేటప్పుడు విరగవు. పిల్లి అందుకోలేనంత ఎత్తులో, వాన జల్లు పడని చోట కట్టాలి. పెంకుటింటి చూరు లేకపోతే బాల్కనీ కొక్కెం చాలు. పిచ్చుక పిల్లలు మాత్రం గింజలు తినవు. వాటికి పురుగులే కావాలి. కాబట్టి పెరట్లో బీరపాదుకో చిక్కుడు పందిరికో మందు కొట్టకుండా వదిలేయడం కూడా ఆ కుచ్చులో భాగమే.

సంక్రాంతి దాటాక ఇదే పొలాల్లో నాట్ల హడావుడి. కాల్చని మడిలో కేజ్‌వీల్ తిరుగుతుంటే బురదలోంచి పురుగులు పైకొస్తాయి. ట్రాక్టరు వెనకే తెల్ల కొంగలు బారులు తీరి, డ్రైవరుకు ఏమాత్రం భయపడకుండా నడుస్తుంటాయి.