‘బీప్‌’ వెనక మనవాళ్లు!

పోలింగ్‌ బూత్‌లో మీట నొక్కగానే వినిపించే ఆ చప్పుడు అందరికీ తెలిసిందే. ఆ యంత్రం తొలి నమూనా తయారైంది మన హైదరాబాద్‌లోనే అన్న సంగతి ఎందరికి తెలుసు? ఓ పల్లెటూరి కుర్రాడి పట్టుదల, ‘మనకు కావాల్సింది మనమే చేసుకోవాలి’ అన్న పంతం కలిస్తే పుట్టిన ఈసీఐఎల్‌ కథ ఇది.

సోమశిల. నెల్లూరు జిల్లా పడమటి కొసన, కొండల నడుమ నుంచి పెన్నమ్మ మైదానంలోకి దిగే చోట ఉన్న ఊరు. 78 టీఎంసీల జలాశయం ఉంది కాబట్టి పేరు అందరికీ తెలుసు. ఊరు అనంతసాగరం మండలంలో, ఓటు ఆత్మకూరు నియోజకవర్గంలో.

ఎన్నికల రోజు ఇక్కడా అన్ని ఊళ్లలాగే ఉంటుంది. ఎండ ముదరకముందే ఓటేసి వచ్చేద్దామనుకునే రైతులూ, మనవరాలి చెయ్యి పట్టుకుని నడిచే అవ్వలూ, మొదటిసారి ఓటొచ్చిన కుర్రకారూ... అందరూ ఒకే వరుసలో. వేలికి సిరా చుక్క, అట్ట తెర వెనక్కి నాలుగడుగులు, నీలం మీట మీద ఓ నొక్కు. పక్కనే ఎర్రదీపం వెలుగుతుంది. అద్దం వెనక చీటీ ఏడు సెకన్లపాటు కనిపించి డబ్బాలో పడిపోతుంది. ఆ వెంటనే పొడవుగా... బీప్‌! ‘హమ్మయ్య, పడింది’ అనుకుంటూ బయటికొస్తారు.

2024 మే 13న రాష్ట్రమంతా విన్న చప్పుడే అది. రబ్బరు ముద్ర, మడతపెట్టిన కాగితం, ముద్ర రెండు గడుల మధ్య పడితే చెల్లని ఓటు, రెండు రోజులపాటు లెక్కింపు... ఇవన్నీ ఇప్పటి పిల్లలకు కథలే. 2004లో దేశంలోని 543 లోక్‌సభ నియోజకవర్గాల్లోనూ యంత్రాలే వాడాక ఆ కథ ముగిసిపోయింది.

ఇంతకీ ఆ యంత్రాలను చేసేదెవరు? దేశం మొత్తానికి రెండే రెండు సంస్థలు. రెండూ ప్రభుత్వానివే. ఒకటి బెంగళూరులోని భారత్‌ ఎలక్ట్రానిక్స్‌. రెండోది హైదరాబాద్‌లోని ఎలక్ట్రానిక్స్‌ కార్పొరేషన్‌ ఆఫ్‌ ఇండియా... అదే, సిటీ బస్సు బోర్డుల మీద కనిపించే ‘ఈసీఐఎల్‌’!

మొగల్లు నుంచి ట్రాంబే దాకా

ఈసీఐఎల్‌ కథ చెప్పాలంటే పశ్చిమగోదావరిలోని మొగల్లుకు వెళ్లాలి. అల్లూరి సీతారామరాజు కుటుంబానిదీ ఆ ఊరే. అక్కడే 1914లో పుట్టారు అయ్యగారి సాంబశివరావు. లోకానికి డాక్టర్‌ ఏఎస్‌ రావు. బెనారస్‌ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, అక్కడే పాఠాలు చెప్పి, టాటా ఉపకారవేతనంతో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌కు వెళ్లారు. ఎలక్ట్రికల్‌ ఇంజినీరింగ్‌లో పట్టా అందుకుని తిరిగి వచ్చేశారు. వచ్చి చేరింది హోమీ భాభా దగ్గర.

అప్పటికి మనదేశంలో ఎలక్ట్రానిక్స్‌ అంటే చాలామందికి రేడియో ఒక్కటే. అణు పరిశోధనకు అది చాలదు. కంటికి కనిపించని కిరణాలను కొలవాలి, రియాక్టర్‌ను అదుపులో ఉంచాలి. ఆ పరికరాలు కొందామంటే విదేశీ మారకం లేదు, కొన్నిటిని అమ్మేవాళ్లూ లేరు. ఇక మిగిలింది ఒకటే దారి... చేసుకోవడం! 1956 ఆగస్టు 4న ట్రాంబేలో ‘అప్సర’ రియాక్టర్‌ పనిచేయడం మొదలుపెట్టింది. ఇంధనం బ్రిటన్‌ నుంచి వచ్చింది. దాన్ని అదుపు చేసే ఎలక్ట్రానిక్‌ వ్యవస్థ మాత్రం ఏఎస్‌ రావు బృందం మన గడ్డమీదే తయారుచేసింది.

1962లో చైనాతో యుద్ధం మరో పాఠం నేర్పింది. ఎలక్ట్రానిక్స్‌లో వెనకబడితే సరిహద్దు కాపాడుకోవడమూ కష్టమేనని ప్రభుత్వానికి అర్థమైంది. దేశానికి ఏమేం కావాలో తేల్చమని 1963లో భాభా అధ్యక్షతన సంఘం వేసింది. 1966 జనవరిలో భాభా విమాన ప్రమాదంలో చనిపోయారు. పని మాత్రం ఆగలేదు. ట్రాంబే ప్రయోగశాలలో పుట్టిన పరికరాలను పెద్దఎత్తున తయారుచేయడానికి అణుశక్తి శాఖ కింద 1967 ఏప్రిల్‌ 11న హైదరాబాద్‌లో ఈసీఐఎల్‌ మొదలైంది. పగ్గాలు ఏఎస్‌ రావు చేతికొచ్చాయి.

నగరానికి దూరంగా రాళ్లూ తుప్పలూ ఉన్నచోట కట్టిన ఆ ఫ్యాక్టరీ చుట్టూ తర్వాత ఓ ఊరే లేచింది. ఇప్పుడు ఈసీఐఎల్‌ చౌరస్తాలో బస్సు దిగి ఏఎస్‌ రావు నగర్‌లో ఇల్లు వెతుక్కునేవాళ్లలో ఎంతమందికి ఆ ఏఎస్‌ రావు ఎవరో తెలుసు?

చేతిలో కంప్యూటర్‌... పల్లెలో టీవీ

కంపెనీ పెట్టిన రెండేళ్లకే ఓ కంప్యూటర్‌ వచ్చింది. 1969 నాటి టీడీసీ-12. ట్రాంబే డిజిటల్‌ కంప్యూటర్‌ అన్నమాట. ఈరోజు మన జేబులోని ఫోన్‌ ముందు అది పలకా బలపంతో సమానం. కానీ మనవాళ్లే గీసి, మనవాళ్లే బిగించి, మనవాళ్లే పనిచేయించిన తొలి డిజిటల్‌ కంప్యూటర్లలో అదొకటి. 1970ల్లో దాని తమ్ముళ్లు టీడీసీ-312, టీడీసీ-316 వచ్చాయి.

ఇళ్లలోకి మాత్రం ఈసీఐఎల్‌ వచ్చింది మరో రూపంలో. గుర్తుందా... ఈసీ టీవీ! వాల్వులు వేడెక్కి బొమ్మ వచ్చేదాకా ఎదురుచూసే రోజుల్లో ట్రాన్సిస్టర్లతో పనిచేసే సాలిడ్‌ స్టేట్‌ టీవీని దేశంలో మొదట చేసింది ఈ సంస్థే. కరెంటూ తక్కువే తాగేది. నలుపూ తెలుపూ బొమ్మే అయినా వీధి మొత్తం ఒక ఇంట్లో చేరి చూసేది.

ఇంకా గొప్ప సంగతి 1975లో జరిగింది. ఆ ఏడాది ఆగస్టు నుంచి సంవత్సరంపాటు నాసా వారి ఏటీఎస్‌-6 ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు నేరుగా టీవీ కార్యక్రమాలు చేరాయి. వ్యవసాయం, ఆరోగ్యం, బడి పాఠాలు. దుమ్మూ వేడీ తట్టుకునేలా ఆ పల్లెలకు పంపిన టీవీలు ఈసీఐఎల్‌లోనే తయారయ్యాయి. పట్టణంలో చాలామంది ఇంకా టీవీ మొహమే చూడని రోజుల్లో పల్లెకు మొదట బొమ్మ వచ్చిందన్నమాట!

తర్వాత రంగుల టీవీలొచ్చాయి. ప్రైవేటు కంపెనీలు విడిభాగాలు తెప్పించి బిగించి అమ్మడం మొదలుపెట్టాయి. ఆపైన విదేశీ బ్రాండ్లు దిగాయి. ఆ పోటీలో ఈసీ టీవీ ఇళ్లలోంచి మాయమైంది. కానీ ఈసీఐఎల్‌ మాయమవలేదు. అందుకు కారణం, కొని తెచ్చుకోవడానికి వీల్లేని పనులు దాని చేతిలో ఉండటమే. అణు విద్యుత్‌ కేంద్రాల నియంత్రణ వ్యవస్థలు, రేడియేషన్‌ను పసిగట్టే పరికరాలు, భారీ యాంటెన్నాలు... ఇంకా, ఓటు యంత్రం.

ఓడి గెలిచిన యంత్రం

కాగితం లేకుండా ఓటు వేయించగలమా అని ఎన్నికల సంఘం ఆలోచించింది 1977లో. తొలి నమూనా తయారీ పని ఈసీఐఎల్‌కు అప్పగించింది. 1979కి నమూనా సిద్ధమైంది. 1980 ఆగస్టు 6న రాజకీయ పార్టీల ముందు దాన్ని పనిచేయించి చూపించారు. తర్వాత భారత్‌ ఎలక్ట్రానిక్స్‌ కూడా చేయి కలిపింది.

1982 మేలో తొలి పరీక్ష. కేరళలోని పరవూరు నియోజకవర్గంలో 50 బూత్‌ల్లో యంత్రాలు పెట్టారు. 123 ఓట్ల తేడాతో ఫలితం తేలింది. ఓడిన అభ్యర్థి కోర్టుకెళ్లారు. యంత్రం తప్పు లెక్కపెట్టిందని కాదు, అసలు యంత్రంతో ఓటు వేయించమని చట్టంలో ఎక్కడుందని! 1984లో సుప్రీంకోర్టు ఆయన మాటే నిజమంది. ఆ 50 బూత్‌ల్లో మళ్లీ కాగితాలతో ఓటింగ్‌ జరిగింది. ఈసారి ఆయనే గెలిచారు.

యంత్రాలు మూలనపడ్డాయి. 1988 డిసెంబరులో పార్లమెంటు చట్టాన్ని సవరించింది. 1989-90లో యంత్రాలు కొన్నారు. ఒక్కోటి 5,500 రూపాయలు. అయినా 1998లో మధ్యప్రదేశ్‌, రాజస్థాన్‌, ఢిల్లీల్లోని 16 అసెంబ్లీ స్థానాల్లో వాడేదాకా అవి ఎదురుచూస్తూనే ఉన్నాయి. అక్కణ్నుంచి ఆరేళ్లలో దేశమంతా!

మరి అనుమానాల మాటేంటి?

ఓడినవాళ్లు యంత్రాన్ని తిట్టడం, గెలిచాక మర్చిపోవడం మనకు కొత్త కాదు. అలాగని ప్రశ్నలన్నీ ఉత్తవేనని కొట్టేయలేం. యంత్రం చేతికి చిక్కితే ఏం చేయవచ్చో 2010లో కొందరు పరిశోధకులు చేసి చూపించారు. వారిలో ఒకరు హైదరాబాద్‌ ఇంజినీరే. సరైన రక్షణల మధ్య అలా చేయడం కుదరదని ఎన్నికల సంఘం జవాబిచ్చింది. ‘నా ఓటు ఎవరికి పడిందో నాకెలా తెలుస్తుంది?’ అన్న ప్రశ్న మాత్రం నిలిచింది.

ఆ ప్రశ్నకు జవాబే వీవీప్యాట్‌. మనం చూసే ఆ ఏడు సెకన్ల చీటీ. 2013లో నాగాలాండ్‌లోని నోక్సెన్‌ ఉపఎన్నికతో మొదలై 2019 నాటికి దేశంలోని అన్ని బూత్‌లకూ వచ్చింది. ఇప్పుడు ప్రతి అసెంబ్లీ సెగ్మెంట్‌లో అయిదు బూత్‌ల చీటీలను లెక్కపెట్టి యంత్రం అంకెతో సరిచూస్తారు. 2024 ఏప్రిల్‌ 26న సుప్రీంకోర్టు మళ్లీ కాగితపు ఓటుకు వెళ్లనక్కర్లేదని చెప్పింది. అడిగేవాళ్లు అడిగారు కాబట్టే యంత్రానికి చీటీ తోడైంది. చేసేవాళ్లు మన మధ్యే ఉన్నారు కాబట్టి మార్చడమూ వీలైంది.

చేయి మనది... చిప్‌?

ఇక్కడే ఓ చిక్కు ఉంది. యంత్రం నమూనా మనది. దాన్ని నడిపే ప్రోగ్రామ్‌ మన ఇంజినీర్లు రాసిందే. లోపలి చిప్‌ మాత్రం విదేశాల్లో తయారైంది. ఎందుకంటే అలాంటి చిప్‌ చేసే సత్తా దేశంలో లేదని ఎన్నికల సంఘమే గతంలో చెప్పింది. ఏఎస్‌ రావు తరం మొదలుపెట్టిన పనిలో మిగిలిపోయిన ముక్క అది.

ఆ ముక్క విలువ సోమశిల పిల్లలకూ తెలియాలి. నెల్లూరు దాటి తమిళనాడు సరిహద్దు వైపు వెళితే శ్రీసిటీ వస్తుంది. 2015 నుంచి అక్కడ ఫాక్స్‌కాన్‌ ఫ్యాక్టరీలో షామీ ఫోన్లు తయారవడం మొదలైంది. వరసగా కూర్చుని ఫోన్లు బిగించేవారిలో ఎక్కువమంది అమ్మాయిలే. మొదటి జీతంతో ఇంటికి ఫ్యాను కొన్నా, తమ్ముడికి ఫీజు కట్టినా అది చిన్న సంగతి కాదు. ఉద్యోగం లేని ఇంటికి ఆ జీతం కొండంత అండ.

కాకపోతే బిగించడం వేరు, గీయడం వేరు. నమూనా ఇంకో దేశంలో, చిప్‌ మరో దేశంలో, మనకు మరలు బిగించే పని మాత్రమే మిగిలితే ఏమవుతుందో ఈసీ టీవీ చెప్పింది. మరింత చవగ్గా చేసేచోటు దొరికితే పని అటు పోతుంది. ఎలా చేయాలో తెలిసినవాడి దగ్గర్నుంచి మాత్రం పని పోదు. ఆంధ్రప్రదేశ్‌లో ఓ చిప్‌ ప్యాకేజింగ్‌ యూనిట్‌కు 2025 ఆగస్టులో కేంద్రం ఆమోదం తెలిపింది. మంచిదే. ప్యాకేజింగ్‌ అంటే చిప్‌కు తొడుగు వేసే పని. చిప్‌ను గీసే పని, పుట్టించే పని ఇంకా ముందున్న మెట్లు.

2023 ఆగస్టు 23 సాయంత్రం చంద్రయాన్‌-3 జాబిల్లి మీద దిగుతుంటే ఊరూరా టీవీల ముందు కూర్చుని చప్పట్లు కొట్టాం. చంద్రుడి దాకా మాట్లాడేందుకు ఇస్రో వాడే బెంగళూరు దగ్గరి బ్యాలాలులోని 32 మీటర్ల యాంటెన్నా తయారైంది ఈసీఐఎల్‌లోనే. 2024 అక్టోబరులో లద్దాఖ్‌లోని హాన్లేలో ప్రారంభమైన 21 మీటర్ల ‘మేస్‌’ టెలిస్కోప్‌ నిర్మాణంలోనూ దాని చేయుంది. ఆ యాంటెన్నా గీసినవాళ్లు కూడా ఒకప్పుడు ఏదో ఊరి బడిలో ఎక్కాలు వల్లెవేసినవాళ్లే కదా!

సోమశిలకు ఉత్తరాన ఉన్న ఉదయగిరికి వెళ్లి చూడండి. చెక్క చెంచాలూ గరిటెలూ చెక్కే ఇళ్లున్నాయక్కడ. చెక్క కొండది, నమూనా చేతిది, నైపుణ్యం తరాలది. ఆ చెంచాను ఎక్కడ అమ్మినా ఉదయగిరి చెంచానే అంటారు. మొగల్లు కుర్రాడు ఎలక్ట్రానిక్స్‌లో తేవాలనుకున్నదీ అలాంటి పేరే.

ఈసారి ఓటేసి ‘బీప్‌’ వినగానే పక్కనున్న పిల్లాడికి చెప్పండి... అది చేసింది మనవాళ్లేనని. లోపలి చిప్‌ చేయాల్సింది మాత్రం వాడేనని!

యంత్రం సంగతులు

* కరెంటు లేని ఊళ్లోనైనా ఓటింగ్‌ ఆగదు. ఓటు యంత్రం బ్యాటరీతోనే నడుస్తుంది.

* నిమిషానికి నాలుగు ఓట్లకు మించి తీసుకోదు. గుద్దుకుంటూ పోయే రౌడీలకు అదో అడ్డుకట్ట. అధికారి ‘క్లోజ్‌’ మీట నొక్కితే ఇక ఒక్క ఓటూ పడదు.

* ఒక ఓటు పడ్డాక అధికారి మళ్లీ అనుమతి ఇచ్చేదాకా మీట ఎన్నిసార్లు నొక్కినా లాభం లేదు.

* ఒక బ్యాలెట్‌ యూనిట్‌లో 16 మంది పేర్లు పడతాయి. ఇప్పటి ఎం3 రకం యంత్రానికి ఇలాంటివి 24 దాకా కలపొచ్చు. అంటే నోటాతో కలిపి 384 పేర్లు!

* చూపులేనివారు సాయం లేకుండా ఓటేసేందుకు మీటల పక్కన బ్రెయిలీ అంకెలుంటాయి.