శైలి కోసం వెతక్కండి, ముందు చూడండి

బొమ్మలు నేర్చుకోవాలనుకునేవాళ్లలో చాలామంది పెన్సిల్ పట్టిన కొత్తలోనే ‘నా శైలి ఏది?’ అని బెంగ పెట్టుకుంటారు. తొందరపాటే. ఎదుట ఉన్నదాన్ని చూసి గీయడం, తప్పు పట్టుకోవడం, మళ్లీ గీయడం ఏళ్ల తరబడి సాగితే శైలి దానంతట అదే ఏర్పడుతుంది. విన్సెంట్ వాన్‌గో ఇందుకు మంచి సాక్ష్యం. ఆయన చిత్రకారుడు కావాలని తీర్మానించుకున్నది 1880లో, 27వ ఏట. చార్లెస్ బార్గ్ డ్రాయింగ్ పాఠాలను, ఫ్రెంచ్ చిత్రకారుడు మిలే గీసిన రైతుల బొమ్మలను పట్టుదలగా చూసి గీశాడు. 1882లో హేగ్‌లో అడ్డంగా, నిలువుగా తీగలు బిగించిన చట్రం చేయించుకుని, అందులోంచి చూస్తూ దూరాలు, వాలులు సరిచూసుకున్నాడు. ‘బంగాళాదుంపలు తినేవాళ్లు’ (1885) చిత్రానికి ముందు చలికాలమంతా పల్లెజనం ముఖాలే వేశాడు. 1888లో ఆర్ల్‌లో రెల్లుకలంతో గీసిన పొలాల్లో చుక్కలు, పొట్టిగీతలు చూడగానే ‘ఇది వాన్‌గో’ అనిపిస్తాయి. అంటే ఆ ముద్ర పడటానికి ఎనిమిదేళ్లు పట్టింది.

‘ఆయన పుట్టు మేధావి, మనకెలా కుదురుతుంది?’ అనవచ్చు. ఆయన తొలినాళ్ల గనికార్మికుల బొమ్మలు చూడండి: కొయ్యబారిన మనుషులు, కొలతలు కుదరని కాళ్లూ చేతులూ. నిజానికి మొదట్లో మనల్ని మోసం చేసేది చెయ్యి కాదు, బుర్ర. కళ్లు తలకి దాదాపు నడిమధ్యన ఉంటాయి. కొత్తవాళ్లు వాటిని నుదుటి దగ్గరికి ఎక్కించేస్తారు. ముఖంలో మనం పట్టించుకునేది కళ్లూ ముక్కూ నోరూ కాబట్టి నుదురూ నడినెత్తీ కుంచించుకుపోతాయి. అందుకే చెయ్యి చాచి, ఒక కన్ను మూసి, పెన్సిల్‌తో కొలవమంటారు. కుర్చీని గీయలేకపోతే దాని కాళ్ల మధ్య ఖాళీని గీయమంటారు. ఆ ఖాళీకి పేరుండదు, కాబట్టి బుర్ర అడ్డుపడదు.

మన తప్పు మనకెలా కనిపిస్తుందన్నది మరింత గట్టి ప్రశ్న. కంటికి అలవాటైపోయిన బొమ్మలో వంకర నిజంగానే కనబడదు. దానికి మందు లియొనార్డో డావించి ఎప్పుడో చెప్పాడు: బొమ్మను అద్దంలో చూడమని. తలకిందులుగా తిప్పినా, వారం పక్కన పెట్టినా అదే ఫలితం. పొగడ్తల కోసం పదిమందికి చూపించడం కన్నా ఇది మేలని నా అభిప్రాయం. మరి నాలుగు గీతల్లో మనిషిని నిలబెట్టే బాపు బొమ్మలో పరిశీలన ఎక్కడుంది? వదిలేసిన గీతల్లో ఉంది. జడ వాలు, చీరకట్టు, నిలబడ్డ తీరు తెలిసినవాడికే ఏది వదిలేయాలో తెలుస్తుంది. ఇతరుల బొమ్మలు చూసి గీస్తే సొంతదనం చచ్చిపోతుందన్న భయమూ అనవసరమే. సెయింట్ రెమీ ఆసుపత్రిలో ఉండగా వాన్‌గో మిలే చిత్రాలను మళ్లీ, ఈసారి రంగుల్లో వేశాడు. కూర్పు మిలేది, కుంచె మాత్రం తనది.

నేర్చుకునేవాళ్లకు ఒక్క మాట: ఇంట్లోని కుర్చీతో మొదలుపెట్టండి. కుదరని బొమ్మను చించేయకండి. తేదీ వేసి దాచండి. ఆర్నెల్ల తరువాత మీ తప్పులు చెప్పే గురువు అదే.