అంచనా మయామీది... హెచ్చరిక ఎవరి తీరానికి వాళ్లది

2025 అక్టోబరు 28 రాత్రి కోస్తా జిల్లాలకు కంటి మీద కునుకు లేదు. ‘మొంథా’ తుపాను నరసాపురం దిక్కుగా వస్తోంది. పునరావాస కేంద్రాల్లో సర్దుకున్న జనం, కలెక్టరేట్ల కంట్రోల్ రూముల్లో సిబ్బంది, టీవీలకు అతుక్కుపోయిన బంధువులు... అందరిదీ ఒకటే ప్రశ్న. ఎక్కడ, ఎప్పుడు తీరం దాటుతుంది? అవే గంటల్లో, మనకు రాత్రి పదిన్నర అయ్యేసరికి, భూగోళానికి అవతల జమైకాలో మిట్టమధ్యాహ్నం వేళ ‘మెలిసా’ హరికేన్ ఆ దీవి మీద విరుచుకుపడింది. గాలి వేగం గంటకు 295 కిలోమీటర్లు. జమైకా తీరాన్ని అంతకన్నా బలమైన హరికేన్ తాకినట్టు రికార్డుల్లో లేదు.

మొంథా కదలికల్ని ఢిల్లీలోని వాతావరణ శాఖ కేంద్ర కార్యాలయం మౌసం భవన్ కనిపెట్టి చూస్తుంటే, మెలిసా వెంట మయామీలోని నేషనల్ హరికేన్ సెంటర్ ఉంది. ప్రపంచ వాతావరణ సంస్థ ఏర్పాటులో తుపాన్లను గమనించే ప్రాంతీయ ప్రత్యేక కేంద్రాలు ఆరున్నాయి: మయామీ, హొనొలులు, టోక్యో, న్యూఢిల్లీ, హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి, ఫిజీలోని నాడి. అట్లాంటిక్, కరీబియన్ సముద్రం, మెక్సికో సింధుశాఖ, తూర్పు పసిఫిక్ మయామీ బాధ్యత. ఏటా జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు అట్లాంటిక్ సీజన్. ఆ ఆరు నెలలూ డజన్ల కొద్దీ దేశాలు ఈ కేంద్రం మాట కోసం ఎదురుచూస్తాయి. హ్యూస్టన్‌లో, టాంపాలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు కూడా ఆ బులెటిన్ చూసే ఇంట్లో నీళ్లు, మందులు నింపుకుంటాయి.

కప్పు మీది రాడార్ ఎగిరిపోయాక

మయామీకి పడమటి వైపు, ఫ్లోరిడా ఇంటర్నేషనల్ యూనివర్సిటీ ప్రాంగణంలో పొట్టిగా, దిట్టంగా కనిపించే కాంక్రీటు భవనమే ఈ హరికేన్ సెంటర్. గోడల మందం 10 అంగుళాలు. కప్పు మీద యాంటెన్నాలు. తుపాను తమ ఊరి మీదికే వచ్చినా పని ఆగకూడదన్న లెక్కతో కట్టారు. ఆ లెక్క అనుభవం నేర్పింది. అంతకుముందు ఈ కేంద్రం కోరల్ గేబుల్స్‌లో ఒక ఆఫీసు భవనంలో ఉండేది. 1992 ఆగస్టు 24 తెల్లవారుజామున ‘ఆండ్రూ’ హరికేన్ వచ్చి, ఆ భవనం కప్పు మీది రాడార్‌నే పెకలించుకుపోయింది. 1995లో కొత్త భవనానికి మారారు. 2014లో హుద్‌హుద్ తీరం దాటే వేళ విశాఖ కైలాసగిరి మీది డాప్లర్ రాడార్ మూగబోయిన సంగతి గుర్తున్నవాళ్లకు ఆ మందపాటి గోడల అర్థం వేరే చెప్పనక్కర్లేదు.

లోపల హరికేన్ నిపుణులు పట్టుమని పదిమంది ఉంటారు. వాళ్లకు తోడు ఉప్పెన లెక్కలు కట్టే బృందం, సముద్ర వాతావరణాన్ని చూసే విభాగం, విమానాల్ని సమన్వయం చేసే వైమానిక దళ సిబ్బంది. ఇంకో మూల హ్యామ్ రేడియో కూడా ఉంది. దాన్ని నడిపేవాళ్లంతా స్వచ్ఛంద కార్యకర్తలు. కరెంటూ ఫోన్లూ పోయిన దీవి నుంచి ఎవరో ఒకరు తమ ఇంటి బారోమీటరు ఎంత చూపిస్తోందో, కిటికీ అవతల ఏం జరుగుతోందో రేడియోలో చెబుతారు. ఆ ముక్క రాసుకొని నిపుణుడి బల్ల మీద పెడతారు. ఉపగ్రహాల కాలంలోనూ ఆ కబురుకు విలువ తగ్గలేదు.

మూడు గంటల్లో ఒక బులెటిన్

మయామీలో ఉదయం ఎనిమిది. గ్రీనిచ్ కాలమానం లెక్కన అది ప్రపంచమంతా ఒకేసారి వాతావరణాన్ని కొలిచే వేళ. నిపుణుడు ముందుగా తుపాను కేంద్రం ఎక్కడుందో తేల్చాలి. మేఘాల చుట్టల ఆకారాన్ని బట్టి తీవ్రతను అంచనా కట్టే పద్ధతిని వెర్నన్ డ్వొరాక్ 1970లలో రూపొందించారు. నేటికీ అదే మొదటి మెట్టు. ఆ తర్వాత అమెరికా, యూరప్, బ్రిటన్ కంప్యూటర్ మోడళ్ల ఫలితాలు ఒక్కొక్కటే తెర మీదికి వస్తాయి. ఒకటి ఎడమకు తిప్పుతుంది, ఇంకొకటి కుడికి. ఏ మోడల్ ఎలాంటి పరిస్థితిలో తడబడుతుందో ఏళ్ల తరబడి చూసిన మనిషి ఆ గీతల మధ్య తన గీత గీస్తాడు. పదకొండు గంటలకు బులెటిన్ బయటికి వెళ్లాలి. మళ్లీ సాయంత్రం ఐదుకు, రాత్రి పదకొండుకు, తెల్లవారి ఐదుకు. తీరానికి హెచ్చరిక ఉన్నప్పుడు మధ్యలో మూడేసి గంటలకు ఒకటి.

టీవీలో గరాటులా కనిపించే బొమ్మ ఈ పని ఫలితమే. గత ఐదేళ్లలో తమ అంచనాలు ఎంత తప్పాయో కొలిచి, ఆ మేరకు వెడల్పు పెడతారు. మూడింట రెండు వంతుల సందర్భాల్లో తుపాను కేంద్రం ఆ గరాటు లోపలే నడుస్తుంది. ఎంత దూరం వరకు గాలివాన ఉంటుందో, ఉప్పెన ఎక్కడ ముంచుతుందో అది చెప్పదు. 2022లో ఫ్లోరిడాకు ‘ఇయాన్’ హరికేన్ వచ్చినప్పుడు చాలామంది గరాటు మధ్య గీతనే నమ్మి టాంపా వైపు చూశారు. కానీ ఉప్పెన ముంచెత్తింది ఫోర్ట్ మయర్స్ తీరాన్ని. 1963 నుంచి 2012 వరకు అమెరికాలో హరికేన్లు నేరుగా తీసుకున్న ప్రాణాల్లో దాదాపు సగం ఉప్పెన వల్ల పోయినవే. 1977 నవంబరు 19న దివిసీమను మింగింది కూడా అదే. అందుకే ఈ కేంద్రం ఇప్పుడు గాలికొక హెచ్చరిక, ఉప్పెనకు వేరే హెచ్చరిక ఇస్తోంది.

కంటిలోకి వెళ్లే విమానం

ఉపగ్రహం పైనుంచి చూస్తుంది. తుపాను కడుపులో ఏముందో తెలియాలంటే లోపలికి వెళ్లాల్సిందే. మిసిసిపీలోని కీస్లర్ స్థావరం నుంచి వైమానిక దళానికి చెందిన 53వ వాతావరణ పరిశీలక స్క్వాడ్రన్, ఫ్లోరిడాలోని లేక్‌లాండ్ నుంచి అమెరికా వాతావరణ సంస్థ విమానాలు బయల్దేరతాయి. సాధారణంగా మూడు కిలోమీటర్ల ఎత్తున తుపాను గోడను చీల్చుకుంటూ కంటిలోకి చేరి, అటు నుంచి బయటపడి, మళ్లీ ఇంకో దిక్కు నుంచి లోపలికి వస్తాయి. దారి పొడవునా విమానం అడుగు నుంచి మూరెడు పొడవు గొట్టాన్ని జారవిడుస్తారు. దాని పేరు డ్రాప్‌సాండ్. చిన్న పారాచూట్‌తో కిందికి దిగుతూ పీడనం, ఉష్ణోగ్రత, తేమ, గాలి వేగం క్షణక్షణం రేడియోలో చెబుతూ పోయి సముద్రంలో పడుతుంది. దాని ఆయుష్షు కొన్ని నిమిషాలే. మెలిసాలో జారవిడిచిన ఒక గొట్టం నీళ్లను తాకే ముందు గంటకు 405 కిలోమీటర్ల ఈదురుగాలిని నమోదు చేసింది. డ్రాప్‌సాండ్‌లు ఇప్పటిదాకా కొలిచిన గాలుల్లో అదే అత్యధికం.

అప్పటికి అమెరికాలో ప్రభుత్వ కార్యకలాపాలు స్తంభించి దాదాపు నెల కావస్తోంది. జీతాలు అందకపోయినా నిపుణులు షిఫ్టులకు వచ్చారు, విమానాలు ఎగిరాయి.

ఫోన్ ఎత్తాక మొదలయ్యే పని

ఇంత చేసిన మయామీ కేంద్రం జమైకా ప్రజలకు హెచ్చరిక జారీ చేయదు. ఆ అధికారం జమైకా వాతావరణ శాఖది. మెక్సికో తీరానికి మెక్సికో, క్యూబాకు క్యూబా, మార్టినీక్, గ్వాడెలూప్‌లకు ఫ్రాన్స్ వాతావరణ సంస్థ హెచ్చరికలిస్తాయి. బహామాస్ తన దీవులతో పాటు పక్కనున్న టర్క్స్ అండ్ కైకోస్ బాధ్యతా చూస్తుంది. మయామీ అంచనా ఇస్తుంది, ఏ తీరానికి ఏ స్థాయి హెచ్చరిక మంచిదో సలహా చెబుతుంది, ఆ దేశపు అధికారితో ఫోన్లో మాట్లాడుతుంది. అవతలివాళ్లు సరేనన్నాకే అది బులెటిన్‌లోకి ఎక్కుతుంది.

ఇది కాగితం మీది లాంఛనం అనుకోకూడదు. 48 గంటల ముందు అప్రమత్తత, 36 గంటల ముందు హెచ్చరిక అన్నది నియమం. హెచ్చరిక వచ్చిందంటే విమానాశ్రయం మూయాలి, పర్యాటకుల్ని పంపించాలి, బడులు ఆపాలి. ఆ దీవికి ఆ నష్టం ఎంతో, ఏ వాగు ముందు పొంగుతుందో, ఏ వాడ జనం ఎవరి మాట వింటారో తెలిసినవాడు అక్కడి అధికారే. చిన్న దీవి అయినా నిర్ణయం దానిదే అన్న ఈ గౌరవమే మొత్తం వ్యవస్థకు పునాది అని నా నమ్మకం. ఆ గౌరవం తుపాను రోజున పుట్టుకురాదు. ఏటా సీజన్‌కు ముందు కరీబియన్, లాటిన్ అమెరికా దేశాల వాతావరణ అధికారులు మయామీకి శిక్షణకు వస్తారు. ప్రపంచ వాతావరణ సంస్థ హరికేన్ కమిటీలో అందరూ ఒక బల్ల దగ్గర కూర్చుంటారు. విధ్వంసం సృష్టించిన హరికేన్ పేరును జాబితా నుంచి శాశ్వతంగా తీసేయాలని తేల్చేదీ అక్కడే. రాత్రి రెండింటికి ఫోన్ మోగినప్పుడు అవతలి గొంతు తెలిసినవాళ్లది కావాలి కదా.

వినకపోతే ఏమవుతుందో 1900 చెప్పింది

కరీబియన్ ప్రాంతంలో హరికేన్ అంచనాలకు పుట్టిల్లు క్యూబా రాజధాని హవానా. బెలెన్ విద్యాలయంలోని వేధశాలలో ఫాదర్ బెనీతో విన్యెస్ అనే మతగురువు మేఘాల నడకను ఏళ్ల తరబడి గమనించి, 1875లోనే హరికేన్ హెచ్చరిక ఇచ్చారు. ఆయన శిష్య పరంపర 1900 సెప్టెంబరులో ఒక తుపాను మెక్సికో సింధుశాఖలోకి, టెక్సాస్ వైపు వెళ్తుందని గుర్తించింది. అప్పుడు క్యూబా అమెరికా సైన్యం అధీనంలో ఉంది. అమెరికా వాతావరణ బ్యూరో క్యూబా వాళ్ల అంచనాల్ని చులకన చేసింది, వాళ్ల తుపాను సందేశాలు టెలిగ్రాఫ్ తీగల మీద వెళ్లకుండా చేసింది. తుపాను ఫ్లోరిడా వైపు తిరుగుతుందని తన లెక్క చెప్పింది. సెప్టెంబరు 8న అది టెక్సాస్‌లోని గాల్వెస్టన్ నగరాన్ని తుడిచిపెట్టింది. మృతులు కనీసం 6,000 మంది. అమెరికా చరిత్రలో అంత ప్రాణనష్టం తెచ్చిన ప్రకృతి విపత్తు మరొకటి లేదు.

అందుకే తర్వాతి కాలంలో జరిగింది మరీ విలువైనది. అమెరికా, క్యూబాల మధ్య దశాబ్దాల పాటు దౌత్య సంబంధాలే లేవు. అయినా హవానా, మయామీ వాతావరణ నిపుణులు మాట్లాడుకుంటూనే ఉన్నారు. హరికేన్ పరిశీలక విమానాలకు క్యూబా తన గగనతలం తెరిచింది.

మన సముద్రంలోనూ ఇలాంటి బంధమే ఉంది. 1970 భోలా తుపాను నేటి బంగ్లాదేశ్‌లో సుమారు మూడు లక్షల మందిని, కొన్ని అంచనాల ప్రకారం అంతకన్నా ఎక్కువ మందిని బలితీసుకున్నాక, 1972లో తుపాన్ల ప్యానెల్ ఏర్పడింది. నేడు అందులో 13 దేశాలు. తలా 13 పేర్ల చొప్పున 169 పేర్ల జాబితా 2020లో తయారైంది. మొంథా అందులో థాయిలాండ్ ఇచ్చిన పేరు. భారత్, పాకిస్థాన్ రెండూ ఆ ప్యానెల్‌లో ఉన్నాయి. 2023లో ‘బిపర్‌జోయ్’ గుజరాత్, సింధ్ తీరాల్ని బెదిరించినప్పుడు ఢిల్లీ సూచనలు రెండు వైపులకూ చేరాయి.

మనకూ కావాలి ఆ విమానం

మయామీకీ అంతు చిక్కనివి ఉన్నాయి. తుపాను దారి అంచనాలో పొరపాటు 1990లతో పోలిస్తే సగానికి పైగా తగ్గింది. తీవ్రత విషయంలో మాత్రం ఇంకా దెబ్బలు తగులుతూనే ఉన్నాయి. 2023 అక్టోబరులో ‘ఓటిస్’ అంత భీకరంగా మారుతుందని మోడళ్లేవీ పట్టుకోలేదు. ఒక్క రోజులో మామూలు తుపాను గంటకు 270 కిలోమీటర్ల హరికేన్ అయి మెక్సికోలోని అకపుల్కో మీద పడింది. ముందురోజు మధ్యాహ్నం వెళ్లిన పరిశీలక విమానం వల్లే దాని అసలు బలం బయటపడింది.

బంగాళాఖాతం మీద అలాంటి విమానాలు క్రమం తప్పకుండా ఎగిరే ఏర్పాటు మనకు లేదు. తీరానికి దగ్గరగా పుట్టి గంటల్లో బలపడే తుపాన్లు మన సముద్రంలోనూ ఉన్నాయి. ఉపగ్రహాలు, రాడార్లు, తుపాను షెల్టర్లు దివిసీమ నాటి లెక్కను ఎంతో మార్చాయి. మిగిలిన ఖాళీని పూడ్చాలంటే తుపాను లోపలి కొలతలు కావాలి. వెయ్యి కిలోమీటర్లకు మించిన తీరమున్న రాష్ట్రంగా ఆంధ్రప్రదేశ్ ఆ విమానం కోసం గట్టిగా అడగాలి. అది తెచ్చే లెక్కలు విశాఖకు చేరిన క్షణంలోనే ఢాకాకూ, యాంగోన్‌కూ, కొలంబోకూ చేరాలి.