అడవి గూడెములకు వైద్యము

చెన్నూరునకు ఉత్తరముగా ప్రాణహిత వెంబడి కోటపల్లి, వేమనపల్లి అడవులు కలవు. అచ్చటి గోండు, నాయకపోడు గూడెములకు వైద్యము దూరమగుటకు కారణము మైళ్లు మాత్రమే కాదు. వానకాలమున వాగు పొంగినచో దగ్గరి ఆసుపత్రియు అందదు. ప్రసవవేదన పడు తల్లికి, మలేరియా సోకిన బిడ్డకు ఆ ఆలస్యమే ప్రాణాంతకము.

ఈ కష్టమును గుర్తించియే మైదానములలో 5,000 జనాభాకును, గిరిజన, కొండ ప్రాంతములలో 3,000 జనాభాకును ఒక ఆరోగ్య ఉపకేంద్రము ఉండవలెనని ప్రభుత్వము నిర్ణయించినది. అయినను, చెదరియున్న గూడెములలో 3,000 మంది యనగా పెక్కు వాగులకు ఆవల నివసించువారు.

గోండులలో కొందరికి వంశపారంపర్యముగా సంక్రమించు సికిల్ సెల్ రక్తహీనత మరియొక బాధ. దీనిని రక్తపరీక్షచే ముందుగానే కనుగొనవచ్చును. 2047 నాటికి దీనిని నిర్మూలింప 2023 జులై 1న జాతీయ కార్యక్రమము ఆరంభమైనది.

గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ సంఘమున పంచాయతీకి స్థానము కలదు. కావున సభ్యులను మేము కోరునది ఇది: తొలకరికి ముందే ఆశా కార్యకర్తతో కలిసి గర్భవతుల పట్టిక వ్రాయుడు. నెలలు నిండినవారిని వాగునకు ఈవల, ఆసుపత్రికి చేరువగా ఉంచుడు. జ్వరము వచ్చిన ప్రతివారికిని రక్తపరీక్ష చేయింపుడు. గోండి, తెలుగు రెండును తెలిసినవారిని రోగికి తోడు పంపుడు. ఉపకేంద్రము లేని గూడెముల పేర్లను గ్రామసభలో తీర్మానించి పైఅధికారులకు పంపుడు.