రాణుల సింగారము

బెజవాడ నుండి బందరు పోవు బాటలో ఉయ్యూరు కలదు. నేడా యూరి పేరు వినగానే చెరకు తోటలును చక్కెర మిల్లును జ్ఞప్తికి వచ్చును. ఒకనాడది జమీందారుల యూరు. పారిసు నగరమున గొప్ప గొప్ప దొరసానులు సైతము తలలు త్రిప్పి చూచునట్లు చీర గట్టిన యొక తెలుగు ఆడుపడుచు తొలుత కోడలుగా వచ్చినది ఈ యూరి జమీందారుల యింటికే యని మన సోదరీమణులలో నెందరికి దెలియును?

ఆమె సీతాదేవి. 1917లో చెన్నపురిలో జన్మించినది. తండ్రి పిఠాపురము మహారాజా సూర్యారావు బహద్దరు గారు. సూర్యరాయాంధ్ర నిఘంటువునకు ఆ పేరు వచ్చినది వారి వలననే. ఆమెకు ఉయ్యూరు జమీందారు మేకా రంగయ్య అప్పారావు గారితో వివాహమయ్యెను. ఆ బంధము నిలువలేదు. 1943లో ఆమె బరోడా మహారాజు ప్రతాపసింహ గాయక్వాడును పెండ్లాడెను. ఆయనకప్పటికే భార్యయు బిడ్డలును గలరు. అందుచేత ఆంగ్ల ప్రభుత్వము సీతాదేవికి మహారాణి మర్యాదల నంగీకరింపలేదు. యుద్ధము ముగిసిన పిమ్మట దంపతులు యూరోపునకు బోయి, మొనాకోలో భవనము గొనిరి.

దేశము మారినను సీతాదేవి చీరను విడువలేదు. ఇది మెచ్చదగినదే. విందులలో గౌనుల నడుమ పలుచని చీర, దానిపై మన దేశపు కెంపులు, పచ్చలు, వజ్రములు: ఇదియే ఆమె వేషము. పాతనగల రాళ్లను పారిసులోని వాన్ క్లీఫ్ అండ్ ఆర్పెల్స్ వారిచేత క్రొత్త తీరున పొదిగించుకొనెడిది. సుమారు 128 కారెట్ల తూకము గల ‘స్టార్ ఆఫ్ ది సౌత్’ అను వజ్రమును ధరించి ఆమె 1948లో తీయించుకొన్న ఛాయాచిత్రము నేటికిని గలదు.

అందము చూచితిమి. ఇక అడుగవలసిన ప్రశ్న యొకటి యున్నది. ఆ నగలెవరివి?

1949లో బరోడా సంస్థానము బొంబాయి రాష్ట్రమున విలీనమయ్యెను. బొక్కసము నుండి మహారాజు పెద్ద మొత్తములు తీసికొనెననియు, విలువగల నగలెన్నియో దేశము దాటెననియు నప్పుడు బయటపడెను. 1951లో ప్రభుత్వము ఆయనను పదవి నుండి తొలగించెను. ఆ ధనము మూలమున రైతులు చెల్లించిన శిస్తే గదా! సీతాదేవికి ఇందు పాలు లేదని నేననను. కాని బొక్కసపు తాళము తీసినవాడు మహారాజు. లోకము నోట ముందుగా బడినది మాత్రము మహారాణి. నగ ఇచ్చిన చేయి ఎవరికిని గనబడదు. నగ పెట్టుకొన్న మెడ అందరికిని గనబడును.

ఆమె కాలి కడియముల కథ పలువురు చెప్పుకొందురు. పచ్చలును వజ్రములును చెక్కిన ఆ కడియములను 1953లో న్యూయార్కు వర్తకుడు హారీ విన్‌స్టన్ కొని, కంఠహారముగా మార్పించి, విండ్సరు డచెస్సునకు అమ్మెను. 1957లో ఒక విందునందు డచెస్సు దానిని ధరించి రాగా, అవి నా పాదములకును ఇంతే శోభ నిచ్చెడివని సీతాదేవి అనెనట. చిన్నబోయిన డచెస్సు హారమును వర్తకునకే తిరిగి యిచ్చివేసెనట. వినుటకు నవ్వు వచ్చును. కాని అప్పటికే గాయక్వాడుతో ఆమె వివాహము రద్దయినది; కడియములు పరుల సొత్తయినవి. 1985లో కుమారుడు పోయెను. 1989లో ఆమె పారిసునందే కన్నుమూసెను.

అదే సంవత్సరము, అదే పారిసునందు, చీరకట్టునకు ప్రసిద్ధి కెక్కిన మరియొక రాకుమారి మరణించెను. ఆమె నీలోఫర్. తురుష్క సుల్తానుల వంశమున 1916లో పుట్టి, 1931లో ఫ్రాన్సులోని నీస్ నగరమున నిజాము రెండవ కుమారుని పెండ్లాడి, పదునైదేండ్లప్పుడే హైదరాబాదు కోడలైనది. చీర ఆమెకు పుట్టింటి వస్త్రము గాదు, మెట్టినింట నేర్చుకొన్నది. పరదా విడిచి, కుట్టుపని చేసిన చీరలతో సభలకు వచ్చిన ఆమెను జూచి నగరము ముచ్చట పడెను. ఆమె చీరలు కొన్ని నేడు న్యూయార్కులోని ఫ్యాషను విద్యాలయపు ప్రదర్శనశాలలో నున్నవి. ఆమెకు సంతానము లేదు. 1949లో తన పరిచారిక యొకతె ప్రసవవేళ మరణింపగా, తల్లులకును బిడ్డలకును ప్రత్యేకముగా వైద్యశాల యుండవలెనని పట్టుబట్టెను. 1953లో హైదరాబాదున నెలకొన్న నీలోఫర్ ఆసుపత్రి ఆ పట్టుదల ఫలమే. 1952లోనే ఆమె వివాహము ముగిసినది. అయినను బిడ్డ నెత్తుకొని పరుగున వచ్చు తల్లి నోట నేటికిని ఆ పేరు వినబడుచునే యున్నది.

సోదరీమణులారా! ఈ రాణుల కథ మనకేల యందురేమో. మన కృష్ణా కాలువల క్రింది గ్రామములలో పెండ్లి వచ్చినచో నేమి జరుగుచున్నది? మూడెకరముల గృహస్థు పదెకరముల వారి యింటి హారమును జూచి అప్పు చేయును. పెండ్లికూతురు పీటలపై ఫొటో తీయించుకొనును. మరునాడు ఆ నగలు అత్తగారి బీరువాలోనికి బోవును. ఏడాది తిరుగకముందే బ్యాంకు తాకట్టునకు బోవును. “ఈ పిల్ల నగల పిచ్చియే కొంప ముంచినది” అను మాట మాత్రము కోడలికి దక్కును. మొనాకోలో నైనను, మొవ్వలో నైనను నీతి యొక్కటే.

కావున అలంకారము వలదని చెప్పను. దానికి లెక్క యుండవలెను. పుట్టింటివారు, అత్తింటివారు స్త్రీకిచ్చిన స్త్రీధనము ఆమె సొంతమేననియు, భర్తయు అత్తమామలును దానిని భద్రపరచువారే గాని సొంతదారులు గారనియు 1985లో సుప్రీము కోర్టు ప్రతిభారాణి వ్యాజ్యమున తేల్చి చెప్పినది. పెండ్లినాడే నగల పేర్లు, తూకములు పట్టీగా వ్రాసి యుంచుకొనుడు. రసీదులు, ఫొటోలు మీ చెంతనే యుండనిండు. అప్పుతో గొన్న నగయైనచో, ఆ అప్పు ఎవరు తీర్తురో ముందే యడుగుడు. అడుగుటకు సిగ్గుపడవలదు. ఆ సమాధానము విన్న పిమ్మటనే మెడలో వేసికొనుడు.